ఖర్జూరం వేస్తే చక్కెర లేనట్టేనా?

గుంటూరు నుంచో అనంతపురం నుంచో అమ్మానాన్నలు బెంగళూరులో కొడుకు దగ్గరికి వస్తారు. మారతహళ్లిలో ఓ ఫ్లాటు, మనవరాలి పుట్టినరోజు. పెద్దవాళ్లిద్దరికీ షుగర్ ఉంది కదా అని కోడలు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఇంట్లోనే కేకు చేస్తుంది. "ఇందులో చక్కెర చిటికెడు కూడా వెయ్యలేదు మామయ్యగారూ, అంతా ఖర్జూరమే" అంటుంది. "అయితే ఇంకో ముక్క వెయ్యమ్మా" అంటాడాయన సంబరంగా. రెండు గంటల తర్వాత గ్లూకోమీటరులో 240 కనబడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మీటరు పాడైందేమో, స్ట్రిప్పులు పాతవేమో అని చూస్తారు. మీటరు బాగానే ఉంటుంది. లెక్క తప్పింది కేకు దగ్గర.

ఆ లెక్క ఒకసారి వేసి చూడాలి. ఎనిమిది ముక్కలు వచ్చే మామూలు కేకులో 150 గ్రాముల మైదా, 150 గ్రాముల పంచదార పడతాయనుకుందాం. పంచదార అంతా కార్బోహైడ్రేటే, అంటే అరిగాక రక్తంలో గ్లూకోజుని పెంచే పదార్థమే, కాబట్టి అక్కడ 150 గ్రాములు. మైదాలో నూటికి 76 గ్రాముల చొప్పున 114. మొత్తం 264 గ్రాములు, ముక్కకి 33. ఇప్పుడు ఖర్జూరం కేకు సంగతి. 150 గ్రాముల గోధుమపిండి, 200 గ్రాముల ఖర్జూరం, ఒక గ్లాసు పాలు. షాపులో దొరికే ఖర్జూరంలో నూటికి సుమారు 75 గ్రాములు కార్బోహైడ్రేటు, అందులో 60కి పైగా అచ్చమైన చక్కెరలే. అంటే 200 గ్రాములకి 150. గోధుమపిండి నుంచి 105, పాల నుంచి ఓ 10. మొత్తం 265. ముక్కకి మళ్లీ 33 గ్రాములే.

ఖర్జూరం తరఫున చెప్పాల్సిన మాట కూడా ఉంది. అందులోనూ గోధుమపిండిలోనూ పీచు ఉంటుంది. ముక్కకి నాలుగు గ్రాముల దాకా పీచు తీసేస్తే, రక్తంలోకి వెళ్లేది 29 గ్రాములు. మైదా కేకులో అది 32 పైచిలుకు. తేడా మూడు, మూడున్నర గ్రాములు. మధ్యస్థంగా ఉండే ఒక ఇడ్లీలో 8 నుంచి 10 గ్రాముల కార్బోహైడ్రేటు ఉంటుంది. పులిహోర, పెరుగన్నం తిన్న మీదట రెండు ముక్కల ఖర్జూరం కేకు తినడమంటే, ఆ భోజనం పైన ఆరేడు ఇడ్లీలు తిన్నట్టు. ఖర్జూరం మంచిది కాదని దీని అర్థం కాదు. ఒకటో రెండో పళ్లు తింటే చాలామందికి ఇబ్బంది ఉండదు. చిక్కంతా దాన్ని ముద్ద చేసి పావుకిలో లెక్కన పిండిలో కలిపినప్పుడు.

బెల్లం, తాటిబెల్లం, తేనె, కొబ్బరి చక్కెర విషయమూ ఇంతే. బెల్లంలో ఖనిజాలు ఉన్నమాట నిజమే కానీ అందులో అత్యధిక భాగం సుక్రోజు, అంటే పంచదారలో ఉన్నదే. తేనె, పండ్ల రసాలు, సిరప్పులు అన్నిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో పంచదారతో పాటు ఒకే గాటన కట్టింది. వాటినుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదంది. పండుని పండులా తింటే వచ్చే చక్కెరని మాత్రం ఆ లెక్కలోకి తీసుకోలేదు. షుగర్ ఉన్నవాళ్లకి పండ్లతో తీపి వంటకం చేయాలనుకునేవాళ్లు పట్టుకోవాల్సిన కొస ఇదే. ముక్కలో మొత్తం కార్బోహైడ్రేటు ఎంత, అందులో పండు ఇంకా పండులా మిగిలిందా, ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే మిగతా వంటంతా దారిలో పడుతుంది.

ఈ లెక్క పట్టాల్సిన ఇళ్లు తక్కువేం కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి చేసిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని ఆ అంచనా. బెంగళూరులో ఏ తెలుగు కుటుంబంలో పండగ భోజనానికి పదిమంది కూర్చున్నా, స్వీటు ముందు చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు.

ముక్క, గుజ్జు, రసం

1977లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పదిమందికి ఒకే మోతాదు కార్బోహైడ్రేటు ఉండేలా ఆపిల్‌ని మూడు రకాలుగా ఇచ్చారు. ఒకసారి పండుగా, ఒకసారి గుజ్జుగా, ఒకసారి పీచు లేని రసంగా. రసం తాగడానికి పట్టిన సమయం పండు నమిలి తినడానికి పట్టిన దాంట్లో పదకొండో వంతు. గ్లూకోజు మూడుసార్లూ దాదాపు ఒకే ఎత్తుకి వెళ్లింది. తేడా ఆ తర్వాత కనబడింది. రసం తాగినప్పుడు, గుజ్జు తిన్నప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా విడుదలైంది. రసం తర్వాత గ్లూకోజు దబ్బున కిందికి పడింది, గుజ్జు తర్వాత కొంత తక్కువగా. పండు తిన్నప్పుడు ఆ పడిపోవడం లేదు, కడుపు నిండిన తృప్తి కూడా ఎక్కువ. ఏళ్ల తర్వాత, 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద పరిశీలనలోనూ బ్లూబెర్రీ, ద్రాక్ష, ఆపిల్ లాంటి పండ్లు పండ్లుగా తినేవాళ్లలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం తక్కువగా, పండ్ల రసాలు తాగేవాళ్లలో ఎక్కువగా కనబడింది.

దీన్ని వంటింట్లోకి తెస్తే కొన్ని విషయాలు తేలతాయి. పండులో చక్కెర చిన్న చిన్న కణాల గదుల్లో, పీచు గోడల మధ్య ఉంటుంది. మిక్సీ ఆ గోడల్ని పగలగొడుతుంది. ఓవెన్ వేడి వాటిని మెత్తబరుస్తుంది. అందుకే ఓవెన్‌లో పెట్టే పండుని పెద్ద ముక్కలుగా కోయాలి, తొక్క తినదగ్గదైతే ఉంచాలి, కరిగి జావ అయ్యేదాకా ఉడకనివ్వకూడదు. ఆపిల్ ముక్కలు పెట్టి చేసిన వంటకానికీ, ఆపిల్ గుజ్జు కలిపిన కేకుకీ పేరులో తేడా లేకపోవచ్చు, తిన్నవాళ్ల ఒంట్లో తేడా ఉంటుంది.

పండు ఎంచుకోవడంలోనూ తేడాలు బాగానే ఉన్నాయి. నూరు గ్రాముల స్ట్రాబెర్రీలో కార్బోహైడ్రేటు 8 గ్రాములు కూడా ఉండదు. బొప్పాయిలో 11, ఆపిల్‌లో 14, మామిడిలో 15. జామలో కూడా 14 ఉంటుంది కానీ అందులో 5 గ్రాముల దాకా పీచే. అరటిపండులో 20 దాటుతుంది, పనసతొనల్లోనూ అంతే. అరటిపండుతో ఇంకో చిక్కుంది. పచ్చిగా ఉన్నప్పుడు పిండిగా ఉన్నదంతా మాగేకొద్దీ చక్కెరగా మారుతుంది. బనానా బ్రెడ్డు వంటకాలన్నీ నల్లమచ్చలు పడ్డ, మిగలమాగిన పళ్లే కావాలంటాయి, ఎందుకంటే అప్పుడే అవి పంచదార చేసే పని చేయగలవు. బెంగళూరులో ఎక్కడపడితే అక్కడ దొరికే చిన్న ఏలక్కి అరటిపళ్లు నాలుగు బాగా మాగినవి పిండిలో చిదిమి, ఇది చక్కెర లేని కేకు అనడం పెద్దవాళ్లకి మేలు చేయదు. మామిడి సంగతి వేరు. లాల్‌బాగ్‌లో మామిడి మేళా జరిగే రోజుల్లో పండు తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టడం దానికి అన్యాయం. ఉన్న సువాసనా పోతుంది, లెక్కా తగ్గదు. రెండు చిన్న ముక్కలు పండుగానే తినడం నయం.

పంచదార చేసే పనులు

చక్కెర మానేసి కేకు చేసినవాళ్లందరికీ ఒక అనుభవం ఉంటుంది. పొంగదు, పైన పగులుతుంది, రంగు రాదు, మర్నాటికి రొట్టెలా ఎండిపోతుంది. చేయి తిరగనివాళ్లం కాబట్టి ఇలా వచ్చిందనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. కేకులో పంచదార తీపి కోసం మాత్రమే ఉండదు. వెన్నలో వేసి గిలక్కొట్టేటప్పుడు పలుకుల అంచులు వెన్నని కోస్తూ వేలకొద్దీ గాలి బుడగల్ని లోపలికి తెస్తాయి. మైదాలో సాగుడు గుణం పెరగకుండా అడ్డుపడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, పంచదార నీటిని తన దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి పిండి ఉడికి బిగుసుకోవడానికి, గుడ్డు గట్టిపడటానికి కావాల్సిన వేడి పెరుగుతుంది. ఆ ఆలస్యంలోనే కేకు పొంగుతుంది. పంచదార లేకపోతే కేకు పొంగకముందే బిగుసుకుంటుంది. బంగారు రంగు తెచ్చేదీ, మూడు రోజులు మెత్తగా ఉంచేదీ కూడా అదే.

బెంగళూరుకి ఇక్కడ చిన్న వెసులుబాటు ఉంది. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉండటంతో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కేకులోని గాలి కొంచెం ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఈ ఎత్తు దాటిన ఊళ్లలో చక్కెర కాస్త తగ్గించమని బేకింగ్ పుస్తకాలే చెబుతాయి. చెన్నైలోనో విజయవాడలోనో కుదిరిన కొలతలో రెండు చెంచాల పంచదార తగ్గించినా ఇక్కడ కేకు నష్టపోదు. అయితే తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి పాలో పెరుగో ఒక చెంచా ఎక్కువ పడాలి. ఇది తగ్గించడానికి పనికొచ్చే మాట, పూర్తిగా మానేయడానికి సరిపోదు.

మరి తీపి పొడులు? స్టీవియా పంచదార కన్నా 200 రెట్లకి పైగా తీపి. 150 గ్రాముల పంచదార బదులు అర గ్రాము, ముప్పావు గ్రాము చాలు. తీపి వస్తుంది, కానీ తీసేసిన 150 గ్రాముల చోటు ఖాళీ. ఆ ఖాళీని నింపడానికే చాలా పొడుల్లో డెక్స్‌ట్రోజు, మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు, మొదటిది అచ్చంగా గ్లూకోజే, రెండోది ఒంట్లో గ్లూకోజుగా మారేదే. ప్యాకెట్ వెనకవైపు చిన్న అక్షరాలు చదవకుండా కప్పులకొద్దీ వేస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఆస్పర్టేము ఓవెన్ వేడికి విడిపోయి తీపి పోగొట్టుకుంటుంది. సుక్రలోజుని బేకింగ్ వేడికి గురిచేయవద్దని, వండాక కలుపుకోవడం మేలని జర్మనీ ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ 2019లో సలహా ఇచ్చింది. 120 డిగ్రీలు దాటితే క్లోరిన్ ఉన్న హానికర పదార్థాలు ఏర్పడే అవకాశం ఉందన్నది వాళ్ల ఆందోళన.

ఎరిథ్రిటాల్ వీటిలో కొంచెం నయంగా కనబడుతుంది. పలుకులుగా ఉంటుంది, బరువు ఉంటుంది, రక్తంలో గ్లూకోజుని దాదాపు కదిలించదు. పంచదార తీపిలో 60 నుంచి 70 శాతం దాకా ఇస్తుంది. కానీ నాలుక మీద పచ్చకర్పూరం పెట్టినట్టు చల్లగా తగులుతుంది, కేకు చల్లారాక మళ్లీ పలుకుకట్టి గరగరలాడుతుంది, రంగూ రాదు. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశోధన రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువ ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనబడ్డాయని చెప్పింది. మన శరీరం కూడా సొంతంగా ఎరిథ్రిటాల్ తయారుచేస్తుంది కాబట్టి, తిన్నదే కారణమని దీనితో తేలిపోలేదు. అయినా గుండె జబ్బు ఉన్న ఇంట్లో ఆచితూచి వాడటం మంచిది. మాల్టిటాల్ పంచదారలానే ప్రవర్తిస్తుంది, బేకరీలకి అందుకే ఇష్టం, కానీ అది గ్లూకోజుని కొంత పెంచుతుంది, మోతాదు మించితే కడుపు ఉబ్బరం, విరేచనాలు. ఇక తీపి పొడులు బరువు తగ్గడానికి పనికిరావని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట తెలిసిందే. ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి వర్తించదని అందులోనే ఉంది, ఎరిథ్రిటాల్ లాంటివీ దాని పరిధిలో లేవు. ఈ రెండు ముక్కలూ వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో ఎక్కడా కనబడవు.

ఇవన్నీ చూశాక తేలేదేమిటంటే, పంచదార మీద నిలబడ్డ వంటకంలోంచి పంచదారని లాగేసి దాన్ని నిలబెట్టాలని చూడటం కష్టమైన పని. స్పాంజి కేకు అలాంటి వంటకం. పంచదార మీద ఆధారపడని వంటకాలు వేరే ఉన్నాయి. వాటివైపు వెళ్తే తీపి పొడి డబ్బా తెరవాల్సిన అవసరమే చాలాసార్లు రాదు.

దోర జామ, జున్నులాంటి పుడ్డింగు

హాప్‌కామ్స్ పండ్ల దుకాణంలో, లేదా మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో జామకాయలు ఏరుకునేటప్పుడు చేతికి దోరవి తీసుకోవాలి. గట్టిగా ఉంటే వాసన రాదు, మెత్తబడితే ఓవెన్‌లో జావ అవుతుంది. నొక్కితే వేలు కొంచెం దిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన తెలియాలి. లోపల ఎర్రగా ఉండే రకమైతే రంగు కూడా అందం. 400 గ్రాముల ముక్కలు నలుగురికి సరిపోతాయి. తొక్క ఉంచి అంగుళం ముక్కలు కోయాలి. కట్టుడు పళ్లున్న పెద్దవాళ్లు తింటారంటే నడిమి గింజల గుజ్జు తీసెయ్యాలి, పీచు కొంత తగ్గినా తినేవాళ్ల సుఖం ముఖ్యం. ఒక చెంచా నిమ్మరసం, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు, ఇష్టమైతే రెండు మిరియాలు దంచి కలపాలి. జామకాయకి ఉప్పూకారం అద్దుకుని తిన్న నాలుకలకి ఇది కొత్తేమీ కాదు. ఉప్పు చిటికెడు పడితే పండులో ఉన్న తీపి పైకి తేలుతుంది.

పైపొరకి 60 గ్రాముల బాదం పలుకుగా పొడి చేసి, 30 గ్రాముల ఓట్స్, 30 గ్రాముల చల్లటి వెన్న వేసి వేలికొసలతో రవ్వరవ్వగా నలపాలి. పంచదార లేదు కాబట్టి ఈ పొర ఓవెన్‌లో తనంతట తాను ఎర్రబడదు. అందుకని బాదం పొడిని ముందే బాణలిలో సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించుకుని, చల్లారాక వాడాలి. జామలో రసం తక్కువ. కాబట్టి ముక్కల్ని గాజు గిన్నెలో వేసి మూడు నాలుగు చెంచాల నీళ్లు చల్లి, రేకు కాగితం కప్పి 180 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచాలి. తర్వాత కాగితం తీసి పైపొర చల్లి మరో ఇరవై నిమిషాలు. గిన్నె అంచుల దగ్గర రసం చిన్నగా కుతకుతలాడుతూ కనబడితే అయినట్టే. వేడి మీద తింటే తీపి ఎక్కువ తెలుస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసి తింటే చప్పగా అనిపిస్తుంది. కాబట్టి తినే ముందు కాస్త వెచ్చబెట్టి, పక్కన చిక్కటి పెరుగు ఒక గరిట వేసుకుంటే ఐస్‌క్రీము గుర్తు రాదు.

ఒక వాటాకి కార్బోహైడ్రేటు 22 గ్రాములు, అందులో పీచు ఏడు గ్రాముల దాకా. ఖర్జూరం కేకు ముక్కలో రక్తంలోకి వెళ్లేది 29 అయితే ఇక్కడ 15. శక్తి మాత్రం 240 కేలరీల దాకా ఉంటుంది, బాదం, వెన్న ఊరికే పోవు కదా. బాదం పిండితో చేశాం కాబట్టి ఎంతైనా తినొచ్చని రెండు గిన్నెలు ఖాళీ చేస్తే షుగర్ పెరగకపోయినా బరువు పెరుగుతుంది.

గుడ్డు తినే ఇళ్లకి ఇంకా తేలికైన దారి ఉంది. మూడు గుడ్లు, పావులీటరు పాలు, 40 గ్రాముల బాదం పొడి, యాలకులు కలిపి గిలక్కొట్టి, 300 గ్రాముల స్ట్రాబెర్రీ ముక్కల మీద పోసి ఓవెన్‌లో పెడితే చూడటానికి, తినడానికి జున్నుకి దగ్గరి చుట్టంలా ఉంటుంది. నలుగురికి పంచితే తలా 11 గ్రాముల కార్బోహైడ్రేటు. ఇందులో ఒక్కటే జాగ్రత్త. పంచదార లేని గుడ్డుపాలు తక్కువ వేడికే గట్టిపడతాయి, కాస్త ఎక్కువైతే విరిగి నీళ్లు వదులుతాయి. కాబట్టి 150 డిగ్రీలు చాలు. వేడినీళ్లు పోసిన పళ్లెంలో గిన్నె పెట్టాలి. గిన్నె కదిపితే అంచులు నిలబడి నడుమ మాత్రం వణుకుతుండగానే బయటికి తీసెయ్యాలి, మిగతాది దాని వేడికే సర్దుకుంటుంది. బొప్పాయి, అనాస వేయాలనుకుంటే ముందు వేరుగా ఉడికించుకోవాలి. పచ్చి పండులోని ఎంజైములు పాల మాంసకృత్తుల్ని విరిచేసి చేదు తెస్తాయి. గుడ్డు తినని ఇళ్లలో రాత్రంతా గుడ్డలో వడగట్టిన పెరుగు, పన్నీరు మెత్తగా రుబ్బి, చెంచా కార్న్‌ఫ్లోరు చేర్చి ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. ఆపిల్‌ని నడుమ తొలిచి అక్రోట్లు, దాల్చినచెక్క కూరి నలభై నిమిషాలు ఉంచడం అందరికీ తెలిసిందే, సగం పండు ఒకరికి చాలు.

ఓవెన్‌లో పండు ముడుచుకుని తీపెక్కినట్టు అనిపిస్తే మోసపోకూడదు. నీరు ఆవిరైంది, చక్కెర అక్కడే ఉంది. అరకిలో అనాస ముక్కలు వేగి మూడు వందల గ్రాములైనా కార్బోహైడ్రేటు మొదట ఉన్నంతే. అందుకే కొలత ఎప్పుడూ పచ్చి పండు బరువు మీద వేసుకోవాలి.

బేకరీ అద్దాల పెట్టె ముందు

బెంగళూరు వీధి వీధికీ ఉండే అయ్యంగార్ బేకరీల్లో దిల్‌పసంద్ ఇష్టపడని తెలుగువాళ్లు అరుదు. లోపల కొబ్బరి, టూటీ ఫ్రూటీ. పేరులో పండున్నా టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయిని పంచదార పాకంలో ఊరబెట్టి రంగువేసిన ముక్కలు. తేనె కేకు మీదా పాకం, జాము పోస్తారు. అవి పండగ రుచులు, వాటిని పండు కింద లెక్కేయకూడదు. ఈ మధ్య రాగి కేకుల మీద 'షుగర్ ఉన్నవాళ్లకి మంచిది' అన్న చీటీలు కూడా కనబడుతున్నాయి. రాగిలో మైదా కన్నా పీచు, కాల్షియం చాలా ఎక్కువ, అది నిజం. కానీ నూరు గ్రాముల రాగిపిండిలోనూ 67 గ్రాముల దాకా కార్బోహైడ్రేటు ఉంటుంది. అందులో బెల్లం కలిపాక అది మామూలు కేకు కిందే లెక్క.

ప్యాకెట్ మీది మాటలకీ నిబంధనలున్నాయి. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల ప్రకారం 'షుగర్ ఫ్రీ' అని రాయాలంటే నూరు గ్రాములకి చక్కెరలు అర గ్రాము దాటకూడదు. పండ్లతో చేసిన ఏ వంటకమూ ఈ గీత లోపల ఉండదు. జామ ముక్కలో కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి పండ్ల కేకు మీద ఆ మాట కనబడితే అనుమానించాలి. 'చక్కెర కలపలేదు' అన్నది వేరే మాట. దాని మీద అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ మార్గదర్శకాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. చక్కెర బదులు ఎండు పండ్ల ముద్దో, చిక్కబరిచిన పండ్ల రసమో వేస్తే ఆ మాట వాడకూడదు. మారతహళ్లి ఫ్లాటులోని ఖర్జూరం కేకు ఆ కొలతకి నిలవదు. ఇంట్లో చేసిందానికి చీటీ ఉండదు కాబట్టి ఆ సంగతి ఎవరూ చెప్పరు, అంతే.

తిన్న తర్వాత

ఎంత లెక్కగా చేసినా, ఎప్పుడు తింటున్నామన్నది మిగిలే ఉంటుంది. సాయంత్రం ఖాళీ కడుపున కాఫీతో తినేకన్నా భోజనం చివర తినడం మేలు. పప్పు, కూర ముందు తిని పిండిపదార్థం చివర తింటే గ్లూకోజు తక్కువగా పెరుగుతుందని 2015లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చిన చిన్న ప్రయోగం చూపించింది. కానీ భోజనంలో అన్నం ఎప్పటిలా పెట్టుకుని దాని మీద ఇది కలిపితే ప్రయోజనం లేదు. జామ వంటకం ఒక వాటాలో ఉన్న 22 గ్రాములు అర కప్పు అన్నానికి సమానం. ఆ రోజు చారన్నం దాకా తిని, పెరుగన్నం బదులు ఉత్త పెరుగుతో ఈ గిన్నె తీసుకుంటే లెక్క సరిపోతుంది. పెరుగన్నం లేకుండా భోజనం ముగిసినట్టు అనిపించని పెద్దవాళ్లకి ఇది చిన్న త్యాగం కాదు, అది వాళ్లని అడిగి తేల్చుకోవాలి.

ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా స్పందిస్తుంది కాబట్టి కొత్త వంటకం మొదటిసారి తిన్న రోజున తినేముందు ఒకసారి, తర్వాత రెండు గంటలకి ఒకసారి మీటరులో చూసుకుని కాగితం మీద రాసుకోవడం మంచి అలవాటు. భోజనం మొదలుపెట్టాక గంట, రెండు గంటల మధ్య 180 లోపు ఉండాలన్నది చాలామందికి పెట్టే లక్ష్యం. డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే అదే లెక్క. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి పొటాషియం పరిమితి ఉంటుంది, వాళ్లు ఏ పండైనా అడిగే వాడాలి.

పంచదార నీటిని పట్టి ఉంచి బూజుని కూడా ఆపుతుంది, ఇక్కడ ఆ కాపలా లేదు. బెంగళూరు ముసురు రోజుల్లో ఈ వంటకాలు బల్ల మీద ఒక్కరోజు కూడా ఆగవు. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో తినెయ్యాలి.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లున్న ఇంట్లో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక్కోసారి షుగర్ పెరగడానికి బదులు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మీటరులో 70 లోపు. ఇంట్లో చక్కెర లేని వంటకాలు చేసే అలవాటు పడ్డాక, ఆ నిమిషంలో చేతికందిన పుడ్డింగే పెట్టేస్తారు. అందులోని కొవ్వు, పీచు చక్కెరని ఆలస్యం చేస్తాయి, తీపి పొడి అయితే అసలు పనే చేయదు. అప్పుడు కావాల్సింది మూడు చెంచాల గ్లూకోజు పొడో పంచదారో నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ మీటరు చూడటం. మనిషి మింగే స్థితిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ పంచదార డబ్బా ఏ అలమరలో ఉందో బెంగళూరుకి కొత్తగా వచ్చిన అమ్మకీ నాన్నకీ కూడా తెలిసి ఉండాలి.